మెటబాలిక్ సిండ్రోమ్ ముగ్గురిలో ఒకరికి ఉందా? ఒకే రిపోర్టుకి ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా ఎందుకు చెప్పారు?

మీ ప్రశ్న ఇది. వయసు 38, డాలస్ దగ్గర ఉద్యోగం, ఎత్తు 170 సెం.మీ., బరువు 72 కిలోలు. ఏటా చేయించే చెకప్‌లో నడుము చుట్టుకొలత 94 సెం.మీ., ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 212, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, పరగడుపు షుగర్ 97, బీపీ 128/82 వచ్చాయి. అక్కడి డాక్టర్ మెటబాలిక్ సిండ్రోమ్ (గుండెజబ్బు, డయాబెటిస్ ముప్పు పెంచే కొన్ని లోపాలు ఒకేచోట కలిసి ఉండటం) లేదన్నారు. గుంటూరులో డాక్టర్‌గా ఉన్న మీ బావగారు అదే రిపోర్టు వాట్సాప్‌లో చూసి ఉందన్నారు. ఇద్దరిలో ఎవరి మాట పట్టుకోవాలి, అమెరికా లాంటి దేశాల్లో ముగ్గురిలో ఒకరికి ఉందనేది నిజమేనా, అంతమందికి ఉంటే అసలు దాన్ని పట్టించుకోవాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. అవును, అమెరికాలో పెద్దవాళ్లలో ముగ్గురిలో ఒకరికి మించే ఉంది. 2015-16 జాతీయ సర్వేలో 36.9 శాతం తేలింది. ప్రపంచం మొత్తం మీద పెద్దవాళ్లలో నూటికి 20 నుంచి 25 మందికి ఉండొచ్చని అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ అంచనా. ఇక మీ సంగతికొస్తే, నా లెక్కలో మీ బావగారి మాటే సరైనది. మీ డాక్టర్ లెక్క తప్పలేదు, వాడిన నడుము కొలత మనవాళ్లకి పెట్టింది కాదు, అంతే.

నేను చాలా ఏళ్లుగా అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ ప్రాక్టీస్ చేస్తున్నాను. నా పేషెంట్లలో తెలుగువాళ్లు ఎక్కువ. మీలాంటి రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్లు తరచుగా కనిపిస్తారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అసలు ఈ సిండ్రోమ్ ఉందని తేల్చేది ఏదో ఒక ప్రత్యేకమైన పరీక్ష కాదు. ఐదు అంశాలు చూస్తారు: పొట్ట దగ్గర కొవ్వు, ట్రైగ్లిజరైడ్స్ 150 లేదా అంతకు పైన ఉండటం, హెచ్‌డీఎల్ మగవాళ్లకి 40 కన్నా, ఆడవాళ్లకి 50 కన్నా తక్కువ ఉండటం, బీపీ పైది 130 లేదా కిందది 85 చేరడం, పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన ఉండటం. ఐదింటిలో ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ కింద లెక్క. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బీపీకి గానీ షుగర్‌కి గానీ మందు వేసుకుంటూ ఉంటే, కొలత నార్మల్‌గా వచ్చినా ఆ అంశం ఉన్నట్టే లెక్క. "నా బీపీ బాగానే ఉందండీ, రోజూ టాబ్లెట్ వేసుకుంటున్నాగా" అంటారు మన పెద్దవాళ్లు. బాగానే ఉంటుంది, కానీ ఈ లెక్కలో అది ఒకటి పడ్డట్టే.

గొడవంతా మొదటి అంశంతోనే. 2001లో అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు నడుము హద్దు మగవాళ్లకి 102 సెం.మీ., ఆడవాళ్లకి 88 సెం.మీ. అని పెట్టాయి. 2005లో అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ ఒక్కో జాతికి ఒక్కో హద్దు పెట్టింది. దక్షిణాసియా వాళ్లకి మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 అంది. పైగా నడుము అంశం తప్పనిసరిగా ఉండాలి, దానితోపాటు మిగతావాటిలో రెండు ఉండాలి అంది. 2009లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌తో సహా పెద్ద సంస్థలు కలిసి కూర్చుని, నడుము తప్పనిసరి అనే షరతు తీసేసి, ఏ మూడైనా చాలని ఒప్పుకున్నాయి. నడుము హద్దు మాత్రం ఆయా జనాభాకి తగినట్టు తీసుకోమన్నాయి.

ఇప్పుడు మీ అంకెలు ఈ లెక్కల్లో పెట్టి చూద్దాం. అమెరికా హద్దు 102 కాబట్టి మీ 94 సెం.మీ. నడుము లెక్కలోకి రాదు. బీపీ హద్దుకి కొంచెం కింద, షుగర్ కూడా కిందే. మిగిలింది ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్. రెండే. అంటే సిండ్రోమ్ లేదు. అదే దక్షిణాసియా హద్దు 90 తీసుకుంటే నడుము పడుతుంది, మూడు అవుతాయి. ఉంది. ఇంకో విచిత్రం చూడండి. మీరు జపాన్‌లో ఉండి ఉంటే మగవాళ్ల నడుము హద్దు 85, అంటే అది దాటేసినట్టే. కానీ వాళ్లు ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్ రెండూ కలిపి ఒకే అంశంగా చూస్తారు. షుగర్ హద్దు 110. అందుకని అక్కడ మీకు పూర్తి సిండ్రోమ్ అనరు, దానికి దగ్గరలో ఉన్నవాళ్ల జాబితాలో వేస్తారు. మనిషి ఒకరే, రక్తం ఒకటే, దేశాన్ని బట్టి మూడు జవాబులు.

అందుకే ఎవరైనా "ఫలానా దేశంలో ఇంత శాతం" అని చెప్తే నేను మొదట రెండు విషయాలు అడుగుతాను. ఏ హద్దుతో లెక్కపెట్టారు, ఏ వయసు వాళ్లని లెక్కపెట్టారు. ఉదాహరణకి 2004లో వచ్చిన యూరప్ అధ్యయనం ఒకటుంది. అనేక యూరప్ బృందాల సమాచారం కలిపి, డయాబెటిస్ లేని 30 నుంచి 89 ఏళ్ల వాళ్లలో చూస్తే మగవాళ్లలో 15.7 శాతం, ఆడవాళ్లలో 14.2 శాతం తేలింది. అది చూసి యూరప్ అమెరికాలో సగం కూడా లేదు అనుకుంటే పొరపాటే. ఆ లెక్కలో డయాబెటిస్ ఉన్నవాళ్లని ముందే పక్కన పెట్టారు. వాడిన నిర్వచనం కూడా వేరు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టినదాన్ని కొంచెం మార్చి వాడారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు.

ఒకే దేశంలో, ఒకే రకంగా ఏళ్ల తరబడి కొలిచినవే నమ్మకంగా చూడొచ్చు. అమెరికాలో అలాంటి సర్వే ఉంది. జనాన్ని ఇంటింటికీ వెళ్లి ఎంచుకుని, రక్తం తీసి, టేపుతో నడుము కొలిచి చేస్తారు. 1988-94 మధ్య చేసిన విడతలో వయసు తేడాలు సర్ది చూస్తే 23.7 శాతం వచ్చింది. అంటే నలుగురిలో ఒకరు. 2011-12కి అది 32.5 అయింది, 2015-16కి 36.9. మధ్యలో షుగర్ హద్దు 110 నుంచి 100కి దించారు, కాబట్టి మొదటి అంకెకీ చివరి అంకెకీ ఉన్న తేడాలో కొంత దాని వల్ల వచ్చిందే. 2011 తర్వాత పెరిగింది మాత్రం నిర్వచనం మారి వచ్చింది కాదు.

వయసు తీసుకుంటే సగటు ఎంత మోసం చేస్తుందో తెలుస్తుంది. 1988-94 లెక్కలో 20 ల్లో ఉన్నవాళ్లలో 6.7 శాతమే. 60 ల్లో ఉన్నవాళ్లలో 43.5. ఇప్పుడు అమెరికాలో 60 దాటినవాళ్లలో ఇంచుమించు సగం మందికి ఉంది. ముసలివాళ్లు ఎక్కువున్న దేశంలో శాతం ఎక్కువగా రావడంలో వింత లేదు. నన్ను కలవరపెట్టేది వేరే అంకె. 20 నుంచి 39 ఏళ్ల మధ్యవాళ్లలో 2011-12లో 16.2 శాతం ఉన్నది 2015-16కి 21.3 అయింది. నాలుగేళ్లలో. పిల్లల స్కూలు ఫీజులు, ఇంటి లోన్లు మొదలయ్యే వయసులో ప్రతి ఐదుగురిలో ఒకరు. ఇదే సర్వేలో ఆసియా మూలాలవాళ్లలో 19.9 నుంచి 26.2కి పెరిగింది. ఆ ఆసియా అనే గంపలో చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్, ఇండియా అందరూ ఉన్నారు. మనవాళ్ల అంకె అందులో విడిగా కనపడదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఐదు అంశాల పద్ధతి అందరికీ ఒకే న్యాయం చెయ్యదు. అమెరికాలోని నల్లజాతివాళ్లలో బీపీ, షుగర్ ఎక్కువ. కానీ వాళ్లకి సహజంగానే ట్రైగ్లిజరైడ్స్ తక్కువగా, హెచ్‌డీఎల్ మెరుగ్గా ఉంటాయి. అందుకని మూడు అంశాలు పూర్తిగాక లెక్కలోంచి తప్పుకుంటారు, గుండెజబ్బు నుంచి మాత్రం తప్పించుకోలేరు. మనకి దీనికి పూర్తిగా తిరగబడిన చిక్కు. మన రిపోర్టుల్లో ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్ ముందే చెడిపోతాయి, నడుము మాత్రం అమెరికా హద్దు చేరదు.

ఎందుకలా? మనవాళ్లలో చేతులూ కాళ్లూ సన్నగా ఉండి, కొవ్వంతా కడుపు లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి తగ్గట్టు బరువు ఉందా అని చూసే లెక్క) 22.3. యుడ్కిన్ గారి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2 శాతం. బీఎంఐ ఒక్కటే చూసి నార్మల్ అనేస్తే మనవాళ్ల విషయంలో ఎంత పొరబడతామో చెప్పడానికి నేను పేషెంట్లకి ఈ ఉదాహరణే చెప్తాను. మీ బీఎంఐ 24.9. అమెరికా చార్టులో అది నార్మల్ గడిలో చివరి మెట్టు. డయాబెటిస్ పరీక్షలు ఆసియా వాళ్లకి బీఎంఐ 23 నుంచే మొదలుపెట్టమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా చెప్తోంది.

కడుపు లోపలి కొవ్వు ఏం చేస్తుందంటే, ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినకుండా చేస్తుంది. కాలేయం అదనంగా ట్రైగ్లిజరైడ్స్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అవి పెరిగిన చోట హెచ్‌డీఎల్ తగ్గుతుంది. అందుకే ఈ రెండూ జంటగా వస్తాయి. తర్వాత బీపీ, ఆ తర్వాత షుగర్ మెల్లగా పైకొస్తాయి. మీ రిపోర్టులో షుగర్ 97, బీపీ 128 నార్మలే అయినా, ఈ జంటతో కలిపి చూస్తే దారి ఎటు పోతోందో నాకు కనిపిస్తోంది.

"అంతమందికి ఉంటే అది మామూలే కదా" అన్నారు. ఎక్కువమందికి ఉన్నది మామూలు అయిపోదండీ. సిండ్రోమ్ ఉన్నవాళ్లకి గుండెజబ్బులు వచ్చే అవకాశం లేనివాళ్లకన్నా సుమారు రెండింతలు, డయాబెటిస్ వచ్చే అవకాశం సుమారు ఐదింతలు. అయితే ఈ పేరు మీద డాక్టర్లలోనే వాదన ఉంది. 2005లో అమెరికా, యూరప్ డయాబెటిస్ సంఘాలు కలిసి, ఐదింటినీ ఒక కట్టగా కట్టడం వల్ల విడివిడిగా చూసినదానికన్నా ఎక్కువ ఏం తెలుస్తోందని గట్టిగానే ప్రశ్నించాయి. ఆ విమర్శలో నాకు చాలావరకు న్యాయం కనిపిస్తుంది. ఈ ఐదింటిలో సిగరెట్ లేదు, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ లేదు, నాన్నగారికి నలభై ఐదేళ్లకే గుండెపోటు వచ్చిందా అనే కుటుంబ చరిత్ర లేదు. సిండ్రోమ్ లేదన్నారని గుండెకి ఢోకా లేదనుకోకూడదు. కానీ మీలాంటి 38 ఏళ్ల మనిషికి, ఏ ఒక్క అంకే భయపెట్టనప్పుడు, మూడింటినీ కలిపి చూపించే ఈ పేరు వల్ల మేలు జరుగుతుంది. నా దగ్గర అది చాలాసార్లు చూశాను.

మీలాంటి ఒకాయన గురించి చెప్తాను. సాఫ్ట్‌వేర్, ముప్పై ఐదు దాటారు, సన్నగా ఉంటారు, చొక్కా టక్ చేస్తే మాత్రం పొట్ట తెలుస్తుంది. లివర్ ఎంజైములు కొంచెం పెరిగాయని స్కాన్ రాస్తే కాలేయంలో కొవ్వు బాగా ఉంది. "మందు ముట్టనండీ" అని ఆయన కంగారు. నిజమే, ఆయన తాగరు. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్ అన్నం, సాయంత్రం టీతో మిక్స్చర్, రాత్రి పదింటికి మళ్లీ అన్నం, ఆ వెంటనే ఇండియా టీమ్‌తో కాల్. రోజంతా కుర్చీలోంచి లేచేది కారెక్కడానికే. వైట్ రైస్ మానేసి కొర్రలు తింటున్నానని కూడా చెప్పారు. కానీ ఆరోగ్యం కదా అని రెండింతలు తింటున్నారు. రాత్రి భోజనం ఏడున్నరకి జరిపి, అన్నం సగం చేసి, ఆ సగం చోటులో ముద్దపప్పు, కూర, గుడ్డు పెంచి, వారానికి మూడు రోజులు బరువులెత్తడం మొదలుపెట్టాక ఆయన ట్రైగ్లిజరైడ్స్ 150 కిందకి దిగాయి. బరువు తగ్గింది నాలుగు కిలోలే. ప్యాంటు బెల్టుకి మాత్రం కొత్త రంధ్రం పొడవాల్సి వచ్చింది.

ఆరు నెలలకని ఇక్కడికొచ్చే అమ్మానాన్నల సంగతి వేరు. ఊళ్లో పాలకీ, కూరగాయలకీ, గుడికీ నడిచే వాళ్లు ఇక్కడ ఇంట్లోంచి కదలరు, చలికాలమైతే మరీ. వచ్చేటప్పుడు తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోతే సగం సగం వేసుకుంటారు. వాళ్లకి 60 దాటి ఉంటుంది కాబట్టి సిండ్రోమ్ ఉందా లేదా అని లెక్కపెట్టే పని పెట్టుకోకండి. ఉందనే అనుకుని మాత్రలు చూసుకోండి, రోజూ నడిపించండి.

ఇండియాలో ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. డయాబెటిస్ 11.4 శాతం, బీపీ 35.5 శాతం, పొట్ట ఊబకాయం 39.5 శాతం. మీ బావగారు రోజూ చూసేది వీళ్లనే. అందుకే మీ రిపోర్టు చూడగానే ఆయన కన్ను నడుము అంకె మీద పడింది.

నడుము సరిగా కొలిచారా అన్నది ముందు చూసుకోండి. ప్యాంటు సైజు నడుము కొలత కాదు. మన మగవాళ్లు ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటారు, 34 సైజు ప్యాంటులో ఉన్న మనిషికి టేపు పెడితే 38 అంగుళాలు వస్తుంది. చొక్కా పైకెత్తి, అద్దం ముందు నిలబడి, చివరి పక్కటెముక ఎక్కడ ముగుస్తుందో వేలితో చూసుకోండి, తుంటి ఎముక పైఅంచు చూసుకోండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. నేలకి సమాంతరంగా ఉండాలి, చర్మాన్ని నొక్కకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. పొట్ట లోపలికి లాగకండి. ఇంకో తేలిక లెక్క కూడా ఉంది, బ్రిటన్‌లో 2022 నుంచి మార్గదర్శకాల్లోనే పెట్టారు: నడుము మీ ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండాలి. మీకు 170 లో సగం 85. మీది 94.

రక్తపరీక్ష విషయంలోనూ ఒక జాగ్రత్త. ముందురోజు రాత్రి పార్టీ భోజనమో, వీకెండ్ బీరో ఉంటే ట్రైగ్లిజరైడ్స్ ఎగిరిపోతాయి. ఒక్క రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడకుండా, మామూలు భోజనం చేసిన రోజు తర్వాత పది పన్నెండు గంటలు పరగడుపున ఉండి మళ్లీ చేయించండి. బీపీ ఇంట్లో మెషీన్‌తో, ఐదు నిమిషాలు కూర్చున్నాక, వారం పాటు పొద్దునా సాయంత్రం చూసి రాసుకోండి.

ఇది వెనక్కి తిప్పలేనిది కాదు. 2002లో అమెరికాలో పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. డయాబెటిస్ అంచున ఉన్నవాళ్లు ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే డయాబెటిస్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గింది 31 శాతమే. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మనవాళ్ల మీద ఇలాంటిదే చేస్తే, జీవనశైలి మార్పుతో 28.5 శాతం తగ్గింది. అమెరికా అంత రాలేదు, అయినా చిన్నది కాదు. మీ 72 కిలోల్లో 7 శాతమంటే ఐదు కిలోలు.

మీ డాక్టర్‌తో గొడవ పడనక్కర్లేదు. ఆసియా మూలాలవాళ్లకి 90, 80 హద్దులు తగినవని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2005 ప్రకటనలోనే ఉంది. మర్యాదగా ఆ మాట చెప్పి, ఆ హద్దుతో మళ్లీ చూడమని అడగండి. మూడు నెలల షుగర్ సగటు, లివర్ ఎంజైములు ఈ చెకప్‌లో లేకపోతే అవి కూడా రాయమనండి. ఆహారం, నడక మొదలుపెట్టిన మూడు నెలలకి కొలెస్ట్రాల్ పరీక్ష మళ్లీ చేయిస్తే ఏ దారిలో ఉన్నారో తెలిసిపోతుంది. అప్పటికీ ట్రైగ్లిజరైడ్స్ దిగకపోతే మందు సంగతి మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఫిష్ ఆయిల్ బిళ్లలు మీ అంతట మీరు కొనుక్కోవద్దు.

ప్రశ్న చివర్లో ఒక మాట అలా వదిలేశారు, మీ ఆవిడకి రెండో కాన్పులో షుగర్ వచ్చి తగ్గిపోయిందని. ఆమె నడుము కూడా కొలవండి, హద్దు 80 సెం.మీ. కాన్పు షుగర్ వచ్చినవాళ్లకి తర్వాత ఏటా, కనీసం మూడేళ్లకోసారైనా జీవితాంతం షుగర్ పరీక్ష చేయించాలి. బాబు పుట్టాక ఒక్కసారీ చేయించలేదంటే, ఈ నెలలోనే, మీ పరీక్షలతో పాటే ఆవిడకీ చేయించండి.